అణువు, పరమాణువు: ఈ రెండు మాటలను గూర్చి

కడచిన సంవత్సరమున ఏడవ తరగతి బాలిక యొకతె మమ్ము నొక ప్రశ్న యడిగినది. ఆమెది నల్లమల యంచుననున్న పల్లె. ఆనాటి పాఠము నీటిని గూర్చినది. నీటి అణువునందు హైడ్రోజను పరమాణువులు రెండును, ఆక్సిజను పరమాణు వొకటియు కూడియుండునని మేము నల్లబల్లపై బొమ్మ గీచి చూపితిమి. ఆ బాలిక లేచి, "సార్, అణువంటే ఇదే అయితే అణుబాంబుల పగిలేది గూడ ఇసుంటిదేనా? మా దిక్కు గుట్టల్ల అణు ఖనిజం ఉన్నదంటరు. అది గూడ నీళ్ల లెక్కనేనా?" అని యడిగెను.

మేము చెప్పిన సమాధానమును తలచుకొన్న నేటికిని సిగ్గగుచున్నది. "అది పై తరగతి విషయము, పరీక్షకు రాదు, కూర్చుండుము" అంటిమి. బాలిక కూర్చుండెను. సాయంకాలము ఉపాధ్యాయుల గదిలో ఈ మాట చెప్పగా ఒకరు నవ్విరి. వేరొకరు మాత్రము, "ఆ పిల్ల యడిగినదానిలో తప్పేమున్నది? మనము వ్రాసిన అణువును, పత్రికలు వ్రాయు అణువును ఒక్కటి కావని మనమెన్నడైన చెప్పితిమా?" అనిరి. చెప్పలేదు. ఈ వ్యాసము ఆ బాలికకు మేము తీర్పవలసిన బాకీ.

మా యభిప్రాయ మిది. పదార్థ నిర్మాణమును గూర్చిన పాఠము తొమ్మిదవ తరగతి వఱకు ఆగరాదు. ఆఱు, ఏడు, ఎనిమిది తరగతులయందే, నిర్వచనములను వల్లె వేయించుటగా గాక, ఒకే యొక్క ప్రశ్నగా దానిని పిల్లల కందింపవలయును. ఆ ప్రశ్న యేదన: ఒక వస్తువు మండినను, కరగినను, కంటికి కానరాకపోయినను, అందలి పరమాణువు లెక్కడికి పోయినవి? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల పిల్లలకు ఈ ప్రశ్న యేల ముఖ్యమో ముందు చెప్పెదము. మొదట మాటల చిక్కును విప్పుకొందము.

మన పాఠ్యపుస్తకములయందు పరమాణువనగా ఇనుము, వెండి, గంధకము వంటి మూలకముయొక్క మిక్కిలి చిన్న తునక. అణువనగా అట్టి పరమాణువులు కూడికొని యేర్పడిన జట్టు. పత్రికలను విప్పినచో అణుబాంబు, అణుశక్తి, అణు విద్యుత్తు అని యుండును. కేంద్రప్రభుత్వ శాఖకును అణుశక్తి శాఖ యనియే తెలుగున వాడుక. ఇచ్చటి అణువు మన పుస్తకములలోని జట్టు కాదు. పరమాణువు సైతము కాదు. ఆ పరమాణువు నడుమనున్న గింజ, కేంద్రకము. అనగా ఒక్క మాట మూడిండ్ల కాపురము చేయుచున్నది. పెద్దలమగు మనము సందర్భమును బట్టి గ్రహింతుము. పిల్లవాడు పుస్తకమును నమ్మును, నమ్మి చిక్కుపడును. ఇంగ్లీషువారును మొదట అటామిక్ అని పేరిడి, పిమ్మట న్యూక్లియర్ అని దిద్దుకొనిరి. మనవారు మాత్రము మొదటి పేరునే పట్టుకొనియున్నారు. పత్రికలవారి వాడుకను మనము మార్చలేము. తరగతిలో ఒక్క నిమిషము నిలిచి, "ఇచ్చట అణువనగా కేంద్రకమని తెలిసికొనుడు" అని చెప్పగలము.

ఈ తికమక మనకే వచ్చినది కాదు. మన వైశేషికులు పరమాణువులు రెండు కూడినది ద్వ్యణుకమనియు, ద్వ్యణుకములు మూడు కూడినది త్ర్యణుకమనియు, గవాక్షమునుండి వచ్చు ఎండలో తేలాడు నలుసు ఆ త్ర్యణుకమే యనియు చెప్పిరి. లెక్క తప్పినది, కంటికి గానవచ్చు నలుసునందు పరమాణువులు లక్షల కోట్లుండును. ఐనను విడిగానున్న దానికొక పేరును, కూడియున్న దానికొక పేరును వేర్వేరుగా నుండవలెనని వారు గుర్తించిరి. అంతమాత్రమున సమస్తమును మనవారికే తెలియునని చంకలు గొట్టుకొనుట తగదు. వారు ఊహించిరి గాని తూచి చూడలేదు.

తూచి చూచినవారి కథయు విచిత్రముగానే యున్నది. 1808లో డాల్టను అను ఇంగ్లీషు పండితుడు పరమాణు సిద్ధాంతమును గ్రంథముగా ప్రకటించెను. ఆయన యభిప్రాయమున నీటియందు హైడ్రోజను ఒకటి, ఆక్సిజను ఒకటి. 1811లో ఇటలీ దేశస్థుడగు అవగాడ్రో, వాయువులలోని తునకలు ఒంటి పరమాణువులు కానక్కఱలేదనియు, రెండేసి కూడిన అణువులు కావచ్చుననియు చెప్పెను. అట్లు తలచినచో నీటిలెక్క సరిపోవును. ఆ మాటను చాలకాలము పెద్దగా పట్టించుకొన్నవారు లేరు. ఒక్కొక్క రసాయన శాస్త్రజ్ఞుడు ఒక్కొక్క తూకపు పట్టికను వాడుచుండగా, నీటికే రెండు మూడు విధముల సంకేతములు వ్రాయుచుండిరి. తుదకు 1860 సెప్టెంబరులో జర్మనీ దేశమున కార్ల్స్‌రూహె నగరమున సభ గూడి, అణువేది, పరమాణువేది యని చర్చించిరి. కన్నిజారో అను నాతడు అవగాడ్రో పక్షమున వాదించెను. అప్పటికి అవగాడ్రో మరణించి నాలుగేండ్లయినది. ఆ సభకు వచ్చిన యువకులలో మెండలీవు ఒకడు. మూలకముల పట్టికను ఆయన 1869లో ప్రకటించెను. ఐరోపా పండితులకే ఈ రెండు మాటలను వేఱు చేసికొనుటకు ఏబదియేండ్లు పట్టినప్పుడు, మన ఏడవ తరగతి పిల్ల ఒక గంటలో తికమకపడుట వింత గాదు. ఆమెను కూర్చుండుమనుటయే వింత.

ఇక పిల్లల కీ భేదము తెలిసిన ఒరుగున దేమి యని కొందఱు తల్లిదండ్రు లడుగుదురు. నీటితో మొదలిడుదము. వానకాలమున నీరు కాచి చల్లార్చి త్రాగుమని మేము ప్రతి తరగతిలోను చెప్పుచున్నాము. మంచి మాట. వేడికి క్రిముల దేహములోని మాంసకృత్తుల అణువులు చెదరి, క్రిములు చచ్చును. అనగా నిప్పు అణువును చెఱుపగలదు. పరమాణువును మాత్ర మేమియు చేయజాలదు. నల్లగొండ సీమలో బావినీటియందలి ఫ్లోరైడువలన ఎముకలు వంగిపోయిన వారి కథ మన కందఱకు తెలిసినదే. ఆ నీటిని ఎంత కాచినను ఫ్లోరైడు పోదు. కాచిన కొలది నీరు ఆవిరియై, మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. "కాచిన నీరు మంచిది" అను సగము మాటను మాత్రమే నేర్చిన పిల్లవాడు ఇచ్చట మోసపోవును.

దానికి విరుగుడుగా నాగపూరులోని పరిశోధన సంస్థవారు కనిపెట్టిన పద్ధతికి నల్లగొండ పద్ధతి యనియే పేరు నిలిచినది. పటిక, సున్నము నీటిలో కలిపి కదలించి, మడ్డి అడుగునకు దిగిన పిమ్మట పైనీటిని తేర్చుకొందురు. ఇందు ఫ్లోరిను పరమాణు వొక్కటియు నశింపలేదు. నీటిలోనుండి మడ్డిలోనికి పోయినది, అంతే. ఆ మడ్డిని మరల బావిగట్టుననే పారబోసిన యెడల చేసిన పని వ్యర్థము. "ఎక్కడికి పోయినవి?" అను ప్రశ్న వేయుట నేర్చిన పిల్ల, మడ్డిని ఎక్కడ వేయవలయునో తానే యడుగును.

పాఠమును మరియొక మెట్టు పైకి తీసికొని పోవుటకు మన సమీపముననే విద్యుత్కేంద్రము లున్నవి. జూరాల యొద్ద కృష్ణ నీరు ఎత్తునుండి దిగి చక్రములను త్రిప్పును. పైనున్న నీటి అణువులే క్రిందను నున్నవి, ఒక్కటియు చెడలేదు. కృష్ణకు ఎగువను రాయచూరు దగ్గర శక్తినగరున బొగ్గు మండును. ఇచ్చట అణువులు విడి కొత్త జట్లు కట్టును. బొగ్గులోని కార్బను పరమాణువు గాలిలోని ఆక్సిజను పరమాణువులు రెంటితో కలిసి బొగ్గుపులుసు గాలియై పొగగొట్టమున పోవును. బొగ్గు మాయమైనదని పిల్లలందురు. మాయము కాలేదు, ఆకాశమున నున్నది. ఇక కర్ణాటకమునందలి కైగా కేంద్రమున జరుగునది వేఱు జాతి పని. అచ్చట యురేనియపు కేంద్రకమే రెండుగా చీలును. చీలిన పిమ్మట అది యురేనియము కాదు, వేఱు మూలకములు. ఒక కిలో యురేనియము-235 సంపూర్ణముగా చీలినచో వచ్చు వేడిమికి 25 లక్షల కిలోలకు మించిన మేలురకపు బొగ్గు కావలయును. ఇంత వ్యత్యాసము గల ఈ రెండు పనులకు ఒక్క "అణు" శబ్దమే వాడిన యెడల పిల్లవాని కేమి తెలియును?

ఆ గింజ యెంత చిన్నదో చెప్పిననే గాని ఈ సంగతి మనసున నాటదు. యురేనియపు పరమాణువును ఒక కిలోమీటరు వెడల్పుగల ఊరంత పెంచితిమనుకొనుడు. దాని కేంద్రకము ఆ ఊరి నడుమ నిమ్మకాయంత యుండును. ఊరిలోని బరువంతయు దాదాపుగా ఆ నిమ్మకాయదే. మంట, ఆమ్లము, పటిక, మందులు ఇవన్నియు ఊరి పొలిమేరలో నున్న ఎలక్ట్రానులతో మాత్రమే బేరమాడును. నిమ్మకాయ దఱి చేరలేవు. కావుననే యురేనియమును కాల్చినను, కరగించినను, దేనితో కలిపినను దాని వికిరణము తగ్గదు, హెచ్చదు.

ఇప్పుడు నల్లమల మాట. అమ్రాబాదు పులుల అభయారణ్యము నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో నున్నది. చెంచులు తరతరములుగా ఆ యడవిని నమ్ముకొని బ్రదుకుచున్నారు. 2019 మే నెలలో కేంద్రప్రభుత్వపు అటవీ సలహా సంఘము అచ్చట 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము కొఱకై అన్వేషించుటకు సూత్రప్రాయముగా సమ్మతించెను. ఊళ్ళలో అలజడి పుట్టినది. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ, నల్లమలలో యురేనియపు త్రవ్వకములు వలదని ఏకగ్రీవముగా తీర్మానించెను.

ఆ నెలలలో మేము బస్సులలోను అంగళ్ళలోను విన్న మాటలలో రెండు మమ్ము మిక్కిలి బాధించినవి. గునపము తగిలిన గుట్టయే బాంబువలె ప్రేలునని ఒకరు. అది యెల్ల రాళ్ళవంటి రాయియే, భయమేమియు లేదని మరియొకరు. రెండును తప్పే. సహజముగా దొరకు యురేనియములో వేయి పరమాణువులకు 993 మంద్రముగా నుండు 238 జాతివి. సులభముగా చీలు 235 జాతివి ఏడు మాత్రమే. గుట్ట ప్రేలదు. ఎల్ల రాయివంటిదియు గాదు, ఏలయన దాని కేంద్రకములు తమంతట తామే, ఎవరును ముట్టకయే, ఒకటి తరువాత ఒకటి విరుగుచుండును. ఉన్న 238 జాతిలో సగము విరుగుటకు 447 కోట్ల యేండ్లు పట్టును. భూమి వయస్సు సుమారు 454 కోట్లు. అనగా భూమి పుట్టినప్పుడున్న దానిలో సగము మాత్రమే నేడు మిగిలినది. తక్కినది పెక్కు మెట్లు దిగి సీసమైనది. ఆ మెట్లలో థోరియము కలదు, రేడియము కలదు, రేడాను అను వాయువు కలదు.

త్రవ్వవలెనా, వలదా యని ఈ సంచికలో తీర్పు చెప్పుట మా పని కాదు. దేశమునకు విద్యుత్తు కావలయును, అడవియు కావలయును, చెంచుల మాట వినవలయును. మా యభ్యంతర మొక్కటే. ఇట్టి ప్రశ్న తమ గడపలోనికి వచ్చిన సీమలో బడికి పోవు పిల్లలు, అణువనగా నేమో తెలియక, ఎవరు బిగ్గరగా చెప్పిన ఆ మాట నమ్మవలసిన గతి పట్టరాదు. ఓటు హక్కు పదునెనిమిదవ యేట వచ్చును. తొమ్మిదవ తరగతికి ముందే బడి మానిన పిల్లకును ఆ హక్కు వచ్చును. పాఠమును ఆఱవ తరగతికి దించవలయుననుటకు మాకున్న ముఖ్య కారణమిదియే.

కొన్ని దినములు గడచిన పిమ్మట ఆ బాలికను పిలిచి, తరగతి యెదుటనే పైన వ్రాసినదంతయు చెప్పితిమి. ఆమె విని, "ఇన్నేండ్లు గుట్టల్లనే ఉన్నది గద సార్, మరి తవ్వితెనే భయమెందుకు?" అని రెండవ ప్రశ్న వేసెను. మంచి ప్రశ్న, పెద్దలు పలువురు వేయనిది. రాతిలో నున్నంతవఱకు కేంద్రకమునుండి వెడలు ఆల్ఫా కణములు రాతిలోనే ఆగిపోవును. కాగితపు పొరను దాటుటకును వానికి శక్తి చాలదు. రేడాను వాయువు సగము విరుగుటకు నాలుగు దినములైన పట్టదు గనుక, గట్టిరాతిలో పుట్టినదానిలో హెచ్చుభాగము బయటికి రాకముందే మారిపోవును. రాతిని పిండి చేసినచో తలుపులన్నియు తెఱచినట్లే. కడప జిల్లా తుమ్మలపల్లెలో త్రవ్వుచున్న రాతియందు వేయి కిలోలకు యురేనియపు భస్మము సుమారు అర కిలో. ఆ అర కిలోను తీసికొనిన పిమ్మట తక్కిన రాయియంతయు బురదగా మిగులును. రేడియము, థోరియము ఆ బురదలోనే యుండును. మొదటి రాతిలోని వికిరణములో నూటికి 80 పాళ్ళకు పైగా దానియందే నిలుచును.

"ఆ బురద ఎన్నేండ్లకు మంచిగైతది సార్?" అని వెనుక బల్లనుండి ఒక బాలు డడిగెను. రేడియము సగమగుటకు 1600 ఏండ్లు. దానిని పుట్టించు థోరియము సగమగుటకు సుమారు 75,000 ఏండ్లు. ఈ సంఖ్యలను బల్లపై వ్రాసితిమి. పరీక్షకు రావని ఈసారి మేము చెప్పలేదు. కోబాల్టు-60 అను మరియొక పరమాణువుయొక్క కేంద్రకమునుండి వెడలు కిరణములతోనే ఆసుపత్రులలో వ్రణములకు చికిత్స చేయుదురనియు చెప్పితిమి. ఒక వైపే చెప్పిన పాఠము సగము పాఠమే గదా.

కంటికి గానరానిదానిని పదునొకండేండ్ల పిల్లలకెట్లు బోధింతురని ఆక్షేపించువారున్నారు. వారి మాట కొట్టివేయదగినది కాదు. నడుమ గుండ్రని బంతి, చుట్టును గ్రహములవలె తిరుగు చుక్కలు గల బొమ్మను మొదటిదినముననే చూపుట మాకును నచ్చదు. ఆ బొమ్మ తప్పు; ఎలక్ట్రానులు గ్రహములవలె దారి గీచికొని తిరుగవు. పిల్లలు దానిని రంగులతో దిద్ది, పదార్థ మంతయు తెలిసినదని తలంతురు. దానికి మాఱుగా, 1981లో జూరిచ్ నగరమున బిన్నిగ్, రోరర్ అనువారు నిర్మించిన యంత్రముతో పరమాణువులను ఒక్కొక్కటిగా తడవి గుర్తింపవచ్చుననియు, 1989లో 35 జెనాను పరమాణువులను వరుసగా పేర్చి అక్షరములు కూర్చిరనియు చెప్పిన చాలును. చూడలేని దానిని తడవి తెలిసికొనుట పిల్లల కెఱుకయే, చీకటిలో చెప్పులు వెదకుకొనుచునే యున్నారు.

లెక్కలయందును అంతే. ఒక నీటిబొట్టులో అణువులెన్ని యన, కోటిని కోటితో గుణించి, ఆ వచ్చినదానిని మరల కోటితో గుణించి, దానికి మరి సగమునకు పైగా కలుపవలయును. ఆ సున్నలు లెక్కించుట పిల్లలకు వేడుక.

పరికరములు లేవని విచారింప బనిలేదు. గద్వాల చీర యొక్కటి చాలును. చీర నూలు, అంచును కొంగును పట్టు. రెంటిని మగ్గముమీదనే కూర్చి నేయుదురు. నూలుపోగు నొకటి, పట్టుపోగు నొకటి ఉపాధ్యాయుడే పట్టుకారుతో పట్టి దీపమునకు చూపవలయును. నూలు కాగితమువలె కాలి, కాగితపు వాసన వేయును. పట్టు ముడుచుకొని, వెండ్రుకలు కాలిన వాసన వేయును. ఏలయన నూలును కాగితమును ఒక్క జాతి అణువులవి: కార్బను, హైడ్రోజను, ఆక్సిజను పొడవైన గొలుసులుగా నల్లుకొన్నవి. పట్టును వెండ్రుకయు మాంసకృత్తులు. వానియందు నత్రజనియు కూడ నున్నది. పోగు లెక్కడికి పోయినవని అప్పుడే యడుగవలయును. బూడిద కొంచెము, తక్కినది గాలిలో, మన ముక్కులలో. వాసన వచ్చినదనగా ఆ అణువులు కొన్ని మన ముక్కులోనికే వచ్చినవని తెలిసిన తోడనే పిల్లలు ముక్కులు మూసికొందురు, అటుపిమ్మట ఈ పాఠము మఱవరు. వనపర్తి వైపు పిల్లలకు పల్లీ నూనెతో, నీటితో ఇట్లే చెప్పవచ్చును.

వచ్చు సంవత్సరము ఆఱవ తరగతినుండియే ఈ విధముగ మొదలిడ నుద్దేశించినాము. కావున మగ్గములున్న ఇండ్ల తల్లిదండ్రులకొక విన్నపము. నేత ముగిసిన పిమ్మట మిగిలిన నూలుపోగులు, పట్టుపోగులు వేర్వేరు పొట్లములుగా గట్టి పిల్లలచేత పాఠశాలకు పంపవలయును. గుప్పెడేసి చాలును. జరీపోగులు పంపనక్కఱలేదు, వాని వెల మాకును తెలియును.